వే బిల్లు వెనకవైపు

పాత ఇసక వే బిల్లొకటి తిరగేసి
బియ్యం డబ్బా మూత మీద పరిచి
పెన్న గీస్తా ఉండాను.
ఒకటే గీత, వంకరది.
కుడి కొసన ఊటుకూరు, ఆ పక్క సముద్రం.
ఎడమ కొసన ఏముందో
నాకింకా తెలీదు.

ఇరవై రెండేళ్లు ఈ ఏటిని
టిప్పర్లో పోసుకుని మోశాను.
తడి కారుతుండగానే తడ దాటించాను.
మద్రాసులో ఎన్ని మేడల గోడల్లో
మా పొట్టేపాళెం రేవు నిలబడి ఉందో
లెక్క నా దగ్గర లేదు, ఓనరు దగ్గరా లేదు.
ఒడ్డునే బతికి ఏరు చూడలేదంటే
ఎవరైనా నవ్వుతారు.
నేను చూసింది
హెడ్‌లైటు పడినంత మేర.

వెంగమ్మ చేపలు తోముతా అడిగింది:
"ఎన్నాళ్లు?"
ఐదు రోజులన్నాను.
"కిందికా, పైకా?"
పైకే. నీళ్లొచ్చే దిక్కుకి.
"నీళ్లు పల్లానికి పోతాయి,
నువ్వు మాత్రం జన్మంతా ఎదురే"
అని తోక కోసి పడేసింది.

తొలిరోజు తెల్లారుజామున ఊటుకూరు.
అక్కడ ఉప్పేదో తీపేదో తేలని నీళ్లలో కాళ్లు కడుక్కుని
బండి మళ్లిస్తాం.
నెల్లూరు బ్రిడ్జి మీద ఆపకూడదు,
ఆపితే ఎవరో ఒకరు తెలిసినవాళ్లు కనిపించి
టీ తాగమంటారు.
జొన్నవాడలో ఆమె మొక్కు. నాకు ఇడ్లీ.
సంగం బ్యారేజీ కాడ
గేట్ల కింద నురగ చూస్తా నిలబడాలి,
ఎంతసేపో రాయలేదు.
"అదేంది, టైము వెయ్యవా?"
వెయ్యను.
ట్రిప్పుకింత అని ఎన్నేళ్లు వేశానో నీకు తెల్దా.

రెండోరోజు సోమశిల.
ఆ కార్తీకంలో ఇక్కణ్ణించే కదా
ఏరు తిరగబడి వచ్చింది,
పడుగుపాడు కాడ రోడ్డే కొట్టుకుపోయింది.
తీసిన గుంటలన్నీ ఒక్క రాత్రిలో పూడ్చేసి
పొద్దున్నే ఏమీ ఎరగనట్టు పారింది.
నాకారోజు భయమేసింది.
సిగ్గు కూడా వేసిందేమో,
అప్పుడు దానికి ఆ పేరు పెట్టలేదు.

సోమశిల దాటాక చిక్కొచ్చింది.
ఏరు కొండల్లోకి పోతుంది,
రోడ్డు బద్వేలు మీదుగా తప్పుకుంటుంది.
పెన్సిలు కూడా అక్కడే ఆగింది.
ఇంత దూరం చెయ్యి పట్టుకొచ్చినదాన్ని
ఆ అడవిలో ఒక్కదాన్నే వదిలి
మనం తార్రోడ్డు మీద పోవడమా?
"సిద్ధవటంలో కలుసుకుంటుందిలే,
దానికి దారి నువ్వు చెప్పాలా?"
అంది వెంగమ్మ, చేతులు చీరకి తుడుచుకుంటా.
అట్టనే రాశాను: మూడోరోజు, సిద్ధవటం, కలుసుకోవడం.

అప్పుడొచ్చాడు పెంచలయ్య,
ఒకప్పటి నా క్లీనరు.
వాళ్ల బామ్మర్ది ఓమ్నీ వ్యాను ఇప్పిస్తానన్నాడు,
ఒకటే షరతు, వాడూ వస్తాడు.
జాకీ, స్టెప్నీ, ఫ్యాన్ బెల్టు,
వాడి లిస్టు నా ఏటికన్నా పొడుగు.
గండికోటలో ఏరు రాతిని కోసిందంటే నమ్మడు.
"మెత్తటి నీళ్లకి రాయి తెగుద్దా అన్నా?"
మన జేసీబీకి తెగలేదా ఏరు, అన్నాను.
కాసేపు ఎవరం మాట్లాడలేదు.
పులుసు ఉడుకుతా ఉంది.

తాడిపత్రి, పామిడి, హిందూపురం...
ఊళ్లు రాస్తా రాస్తా కాయితం అయిపోయింది.
ఏరు ఇంకా అయిపోలా.
నంది కొండల కాడ పుడుతుందంటారు,
అక్కడ చెంబుడు నీళ్లంత కూడా ఉండవంటాడు పెంచలయ్య.
చెంబుడున్నా చాలు.

కాయితం తిప్పి చూస్తే
అచ్చేసిన గళ్లు అట్నే ఖాళీగా ఉన్నాయి.
లోడు: ముగ్గురం.
బండి నంబరు: రేపు రాస్తా.
గమ్యం దగ్గర
పెన్సిలు చెక్కుకోవాల్సి వచ్చింది.
"ముందు గాలి పట్టించుకు రాండి"
లోపల్నించి వెంగమ్మ కేకేసింది,
"టైర్లు నాలుగూ చూసుకోండి.
ఐదోదీ!"