హాజరు

ఏటా నవంబరు రెండో శనివారం
బౌలింగ్ క్లబ్బు మేడ మీద కలుస్తాం.
మొదటి ఏడు కుర్చీలు చాలక
కిటికీ గట్లెక్కి కూర్చున్నాం.
ఈసారి పదకొండు మందిమి.
మేడకు లిఫ్టు లేదు, మాకు మోకాళ్లు లేవు.

స్కెల్‌బ్రిడ్జ్ గ్రామర్ స్కూలు ఇప్పుడు కార్పెట్ల కొట్టు.
లాటిన్ గది ఉన్నచోట
బాత్రూమ్ పట్టాలు సగం ధరకే ఇస్తున్నారు.

విన్నిఫ్రెడ్ థ్రెల్‌ఫాల్ మా ఏటి రిజిస్టరు తెస్తుంది,
టీ తువ్వాల్లో చుట్టి, బాలింత బిడ్డను తెచ్చినట్టు.
బడి మూసిన వారం చెత్తబండిలో దొరికిందట.
"దొంగతనం కాదు, దత్తత" అంటుంది. నవ్వదు.

పేర్లు చదువుతుంది.
ఉన్నవాళ్లం "అడ్సుమ్" అంటాం,
ఉన్నానని, మాకు మిగిలిన కాస్త లాటిన్లో.
పోయినవాడి పేరొస్తే
వాడి పక్కన కూర్చున్నవాడెవడో
వేలి కణుపుతో బల్ల మీద కొడతాడు.
బార్‌క్లఫ్. టక్.
డిగల్. టక్.
ఎడ్మన్‌సన్ కెనడాలో ఉన్నాడనుకుంటాం,
ఎవరం పలకం, ఎవరం కొట్టం.

గార్‌సైడ్ పెద్ద.
అది నేను.

పెద్ద ఎందుకంటే, పావుగంట వెనక పుట్టిన అమోస్
పదమూడో ఏట మళ్లీ రాసి వస్తాడని
పాష్లీ మాస్టారి నమ్మకం.
నా పేరు కింద ఒక వరస ఖాళీ ఉంచాడు.

ఇద్దరం ఒకే రోజు, ఒకే సిరాబుడ్డి ముంచి రాశాం.
మే నెలలో రెండు కవర్లొచ్చాయి.
అమ్మ సహకార దుకాణంలో వెన్న తూచే మనిషి,
విప్పలేదు. రెండు చేతుల్లో చెరొకటి పట్టుకుని
పల్చటి కవరున్న చేతిని చూస్తూ కూర్చుంది.
ప్యాసైతే సైకిలన్నారు.
నేను మొనగాడిలా వద్దన్నాను,
ఇద్దరికీ లేకుండా పోయింది.

బస్‌స్టాపులు రోడ్డుకు అటొకటి, ఇటొకటి.
రోజూ పొద్దున్నే మెరూన్ కోటులో ఇటు నేను,
అటు వాడు.
లేని టోపీ పైకెత్తి నాకు దణ్ణం పెట్టేవాడు, వెధవ.
నవ్వేవాణ్ని. బస్సెక్కాక
అద్దంలోకి చూసేవాణ్ని కాదు.

బల్ల అనే మాటకు నేను ఆరు విభక్తులు వల్లెవేస్తుంటే
వాడు వాళ్ల బడిలో బల్ల చేశాడు.
ఇవాళ్టికీ దాని మీదే తింటున్నాను.
ఒక కాలు కాస్త పొట్టి.

పదమూడో ఏట వాడు రాయలేదు.
ఎందుకని నేనడగలేదు.

బడి కప్పు విప్పింది అమోసే, కూలి మనుషులతో.
వేల్స్ పలకలు పద్నాలుగు వేల చిల్లర
ఒక్కటీ పగలకుండా దించాడు.
ఆ సాయంత్రం బూట్లు విప్పుతూ అన్నాడు:
"మీ హెడ్‌మాస్టరు నెత్తి మీద వాన కారేదిరా.
అటక మీద బకెట్టుంది, నిండా."

రాత్రిపూట నాకు దారి ఆనదు.
ఈ ఏడు వాడే కారు నడిపి తెచ్చాడు.
లోపలికి రమ్మంటే రాలేదు,
నా కోటు చేతికేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

అడ్సుమ్, అన్నాను.
విన్నిఫ్రెడ్ వేలు ఎప్పుడూ దాటేసే ఖాళీ వరస మీద
ఈసారి ఆగింది.
చెయ్యి వణికి ఆగిందో, మరెందుకో.
కళ్లద్దాల పైనుంచి గుమ్మం వైపు చూసింది.
అందరం చూశాం.

టక్.

అమోస్ ద్వారబంధాన్ని కణుపుతో కొట్టి,
చెవి ఆనించి విన్నాడు.
"లోపల నెమ్ము పట్టింది. ఎవరికైనా చూపించండి."

హిండిల్, అంది విన్నిఫ్రెడ్.