ఎందుకు ఆపినవ్

బోన్ల నిలవడ్డంక వకీలు అడిగిండు:
"వంద బండ్లు పోతుంటె
ఆ డీసీఎంనే ఎందుకు ఆపినవ్?"

"నమ్మదగిన సమాచారం" అన్న.
కాయితం మీద గదే ఉన్నది,
మా రైటర్ జానయ్య రాతల.

సమాచారం లేదు, ఏం లేదు.
కొర్లపహాడ్ టోల్‌గేట్ కాడ
రాత్రి మూడింటికి
గుమ్మడికాయల లోడు డ్రైవరు
అద్దం దించి నమస్తే పెట్టిండు.
ఇరవై రెండేండ్ల నౌకరిల
ఆ రోడ్డు మీద నాకెవ్వడు పెట్టలే.

కాయల కింద నూటపది కిలోల గంజాయి.

అంతకు గంట ముందు
ఒక ఆటో ఆపిన.
నకిరేకల్ దవాఖానకు పోయే ముసలామె.
మూట విప్పిచ్చిన.
గిన్నె దొర్లి
గటుకంత తారు మీద పడ్డది.

"ఎందుకు ఆపినవ్ బిడ్డా?"

జానయ్య అప్పుడు పక్కన లేడు.
టార్చి ఆర్పి
తొవ్వ ఇడిసిన.