జీరో టికెట్

సముద్రం లేని ఊర్ల
సముద్రపు గడ్డి లెక్కపెట్టుడు నేర్పిస్తరని
డిపో గోడకు కాయితం అంటిస్తె
నైట్ డ్యూటీ దిగి, ఖాకీ అంగీ మీదనే పోయిన.
సముద్రం నేను ఒక్కసారే చూసిన,
అదీ పెండ్లి బస్సు కిరాయికి పోయినప్పుడు, చీకట్ల.

కాప్రా చెరువు ఎనుక స్కూలు గ్రౌండు.
ఏడు కాకముందే ఎండ.
గోల్‌పోస్టు నీడల పదకొండు మందిమి:
కాలేజీ పోరలు, ఒక పండ్ల డాక్టరమ్మ,
ఫిల్టర్ నీళ్ల ఆటో నడిపే ఇబ్రహీం,
ఎందుకు వచ్చిందో తనకే తెల్వని వసుంధరమ్మ.

తెల్ల పైపులు నాలుగు అతికించిన చట్రం,
అర మీటరుకు అర మీటరు.
సుభాషిణి మేడం దాన్ని గరిక మీద పడేసింది.
"ఇదే సముద్రం అనుకోండి.
చట్రంలో గడ్డి నూటికి ఎంత?
చేత్తో ముట్టొద్దు. కళ్ళతో చెప్పండి."

నలభై అన్నడు ఒక పోరడు.
డెబ్భై అన్నది డాక్టరమ్మ.
ఇబ్రహీం చానాసేపు గడ్డం గోక్కొని
"గింత" అని దోసిలి చూపిండు.

నేను యాభై ఐదు అన్న.
పదహారేండ్ల సంది అదే రూటు, అదే ఫుట్‌బోర్డు;
ఒక్క చూపు ఎనుక సీటు దాంక పోయి వస్తె
ఎందరు ఎక్కిండ్రో, ఎవరు దొంగసూపులు చూస్తుండ్రో
తలలు లెక్కపెట్టకుండనే తెలుస్తది.
మచ్చుఫోటోల అట్ట పక్కన పెట్టి చూసి
మేడం నా దిక్కు ఇంకోసారి చూసింది.

అప్పటిదాంక మాట్లాడలేదు పామంజి పోలయ్య.
పులికాట్ ఒడ్డుమీది మనిషి,
సూళ్లూరుపేటల రాత్రి రైలెక్కి వచ్చిండు.
కుర్చీ ఏస్తె కూసోలే. చెప్పులు ఇడిసి గరికల నిలబడ్డడు.

"కళ్ళ పని ఈడ సరే.
బురద నీళ్ళల్లో ఏం కనపడతాదమ్మా?
పాదానికే తెలస్తాది.
మెత్తంగా, చల్లంగా ఏళ్ళ సందుల్లో జారతా ఉంటే
గడ్డి ఉండాది, దాంట్లో రొయ్యపిల్ల ఉండాది.
గరగరమనిందా, ఇంగ లేదు."

అందరం చెప్పులు ఇడిసినం.
డాక్టరమ్మ ఒంటికాలు మీద ఎగిరింది.
నిలబడి నిలబడి పగిలిన నా మడిమెలకు
గరిక తగిలిందో లేదో చానాసేపు తెల్వలే.
తర్వాత తెలిసింది.

చిన్న పోరడు అడిగిండు:
"చట్రంల ఒక్క పరక గూడ లేకుంటె?
ఆ గడి ఖాళీగ ఇడిస్తం గదా?"

"వదలకూడదు.
ఖాళీ అంటే మీరు అటు పోలేదని.
సున్నా అంటే పోయారు, చూశారు, లేదు అని."

పోలయ్య నేల దిక్కే చూస్తుండు.
"మా నాయన వల ఏసిన గుంట కాడ
ఎవురూ సున్నా రాయలా" అన్నడు.
"ఇప్పుడు ఆడ గడ్డి ఉండిందంటే
ఆఫీసరు నవ్వతాడు."

ఎవరం ఏం అనలే.
ఇబ్రహీం పోయి ఆటోలకెళ్లి నీళ్ల క్యాన్ తెచ్చిండు.

నాకు మాత్రం బస్సు యాదికొచ్చింది.
ఆడోళ్లకు పైసలు లేవు, టికెట్ మాత్రం కొట్టాలె.
కొట్టకుంటె ఆ మనిషి
ఎక్కనట్టే, కూసోనట్టే, ఏడికీ పోనట్టే.
ముసలమ్మలు నవ్వుతరు: ఉత్తదానికి కాయితమెందుకు బిడ్డా?

సోమవారం, ఫస్ట్ ట్రిప్పు.
చెరువు మలుపు కాడ సిగ్నల్ పడ్డది.
మిషన్ సంచిలకెళ్లి షీటు తీసిన.
తారీఖు రాసిన. టైం రాసిన.
గుర్రపుడెక్క: తొంభై.
నా చిన్నప్పుడు మెడల దాంక దిగి తెంపిన కలువ,
ఆ గడి కాడ పెన్ను ఆగింది.

ముందు సీటు పిల్ల తొంగిచూసింది.
"ఏం రాస్తున్నవ్ అక్కా?"

జీరో టికెట్ కొడుతున్న, అన్న.

"ఎవరికి?"

కిటికీ దిక్కు చూపిచ్చిన.