కాలు మానేదాకా

ఆరు వారాలు మంచం దిగొద్దన్నడట డాక్టరు.
"ఏం చూడాలె అక్కా, పాటల మీద, పాటలోళ్ల మీద
తీసిన డాక్యుమెంటరీలుంటే చెప్పు" అని
బోరబండ నుంచి నువ్వు పంపిన గొంతు
మూడుసార్లు విన్న, నవనీతా.
వెనుక కుక్కర్ రెండు విజిళ్లేసింది,
మీ అమ్మ ఎవరినో తిడుతున్నది.
మంచి రికార్డింగ్.

పెన్‌డ్రైవ్ మీ తమ్మునితోని పంపుతున్న.
వరుస నా ఇష్టం, చూసుడు నీ ఇష్టం.

ముందుగాల బ్యాండు మేళం వాళ్లది.
సికింద్రాబాద్‌ల, మోండా మార్కెట్ వెనుక
ఇత్తడి బాకాలు చింతపండుతోని తోముతరు,
అక్కడ ఆపి మళ్ల చూడు.
యాకూబ్ సాబ్‌కు ముందుపళ్లు రెండూ పోయినయి.
క్లారినెట్ పట్టుకుంటడు గానీ ఊదడు.
బరాత్‌ల వరుస నిండాలె గదా,
అందుకు మూడొందలు.
ఊదనోని వేళ్లు
ఒక్క స్వరం తప్పవు.

రెండోది కోరస్ స్వరాజ్యలక్ష్మి గారిది.
మద్రాసుల పద్దెనిమిదేండ్లు "ఆ... ఆ..." పాడి
ఇప్పుడు విద్యానగర్‌ల రెండు గదులు.
రేడియోల పాటొస్తే
వంటింట్లకెళ్లి తడిచేతులతోని ఉరికొచ్చి
"ఇదిగో, ఇక్కడ మేమే!" అంటది.
అనేలోపల అయిపోతది.
మధ్యల జర సాగదీసిండు డైరెక్టరు,
వాన పడే కిటికీ ఎందుకో ఐదుసార్లు.
అప్పుడు మందులేసుకో.

ఆ పెద్ద హీరో మీద తీసింది మాత్రం చూడకు.
అందరూ అదే సోఫాల కూసొని
"ఆయన మనసు వెన్న" అంటరు.
లెక్కపెట్టిన, ముప్పై ఒక్కసారి.
వెన్నంటే నీ పేరే గదనే,
అంత అగ్గువనా?

బాలమల్లుది చిన్నది, ఇరవై నిమిషాలు.
క్రాస్‌రోడ్స్‌ల కూలగొట్టిన హాలుకు ఆపరేటరు.
మిషన్ మోతల డైలాగు వినపడకపోయేది,
చిన్న కిటికీలకెళ్లి చూసి
జనాల భుజాలు కదిలితే
నవ్వొచ్చిందని తెల్సుకునేటోడు.

ఇగ ఒక మాట. ఎవరికీ చెప్పకు.
యాకూబ్ సాబ్ తెల్లారగట్ల కంకర మీద నడిచొస్తడు సూడు,
నడక ఆయనది, చప్పుడు నాది.
కృష్ణానగర్‌ల, ఏసీ బంద్ చేసిన గదిల,
తట్టెడు కంకర పోసుకొని
ఎవరివో తొమ్మిదో నంబర్ బూట్లేసుకొని తొక్కిన.
స్వరాజ్యలక్ష్మి గారి గ్లాసు, బాలమల్లు తాళంచెవులు
అన్నీ ఈ చేతులే.
నిజం తీసేటోళ్లకు నిజం సరిగ రికార్డు కాదు,
ఆటో అడ్డమొస్తది, మైకుల గాలి జొరబడ్తది.
అప్పుడు నాకు ఫోన్ చేస్తరు.

చివరిది గ్రూప్ డాన్సర్ల మీద.
కట్టు విప్పినంకనే చూడుమందామనుకున్న,
నువ్వాగవు.
మూడో వరుస పిల్ల ఒకతి, నువ్వు కాదు,
మొఖం కడుక్కోకుండ, చెప్పులు చేతిల పట్టుకొని
సెట్టు మెట్లు దిగుతది.
అక్కడి సౌండంతా జనరేటర్ మింగింది.
వట్టి కాళ్లు, చెక్క మెట్లు,
పద్నాలుగు గంటల అలుపు.
ఎట్ల తొక్కాలె?
నాకు యాదికున్న నడక ఒక్కటే.
ఎడమ మడమ ముందు, కుడికాలు జర ఆలస్యం,
షూటింగ్ అయినంక మా మెట్లెక్కి
"అక్కా, చాయ్" అనుకుంట నువ్వొచ్చే నడక.
అదే తొక్కిన. రెండో టేక్‌కే ఓకే అన్నరు.

ఎడమకాలే గదా నీకు విరిగింది?

పదిహేడో నిమిషం.
ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని విను,
అమ్మ కుక్కర్ పెట్టకముందే.
పెన్‌డ్రైవ్ మాత్రం పోగొట్టకు,
అది మా ఎడిటర్‌ది.