గడ్డం ఎత్తి చూసే పిల్ల

మా కెజియా గడ్డం పైకెత్తి చూస్తే
బడిలో పొగరన్నారు.
రెండో తరగతి పిల్లకి పొగరేంటండి,
వాలిపోయిన రెప్పల కింద మిగిలిన సందులోంచి
నల్లబల్లని వెతుక్కుంటోంది అది.

అమలాపురంలో కళ్ళజోళ్ళ కొట్టతను
అద్దాలు మార్చి మార్చి అక్షరాలు చదివించాడు.
ముమ్మిడివరం క్యాంపులో చుక్కల మందిచ్చారు.
మా అత్త ఆముదం రాసింది,
పాస్టరుగారు ప్రార్థన చేసి నూనె రాశారు.
ఏ నూనెకీ రెప్ప లేవలేదు.

కాకినాడలో ఆపరేషనుకి తారీకు వేసేశారు.
బుధవారం. గంట పని,
రెప్పని పైకి లాగి కుట్టేస్తే సరి.
రెండు గౌన్లు, ఫ్లాస్కు, ఆరోగ్యశ్రీ కార్డు
సంచిలో సర్దుకుని వెళ్ళాక,
ఇంకా చదువు పూర్తికాని ఓ డాక్టరమ్మ
పెన్ను చూపించి
"తల తిప్పకుండా దీన్నే చూడు నాన్నా" అంది.
పెన్ను పక్కకెళ్ళింది.
కళ్ళు వెళ్ళలేదు.
మళ్ళీ తిప్పింది. మళ్ళీ.
ఆవిడ నవ్వు ఎక్కడ ఆగిందో
నాకింకా గుర్తే.

"బుధవారం వద్దు" అంది, పక్కవాళ్ళకి వినపడకుండా.
మందుల చీటీ వెనక వైజాగ్‌లో ఒక పేరు రాసింది.

ఆ పేరు పట్టుకుని మూడు నెలలు తిరిగాం.
ఆ ఆసుపత్రి మానేసిందన్నారు.
ఇంకోచోటికి నెలలో రెండో శుక్రవారమే వస్తుందన్నారు.
మేం వెళ్ళింది మూడో శుక్రవారం.

చివరికి దొరికినావిడ
కంటికంటే ముందు గుండె పరీక్ష రాసింది.
కళ్ళ కోసమొస్తే ఛాతీకి తీగలెందుకని
మా ఆయన గొణిగాడు.
నెత్తురు తీసి ఎక్కడికో పంపారు. ఆరు వారాలు.
తర్వాత కుర్చీ దగ్గరకి లాక్కుని చెప్పింది:
ఒంట్లో ప్రతి కణంలోనూ కరెంటు పుట్టించే మిషన్లుంటాయట,
పాపకి అవి సరిగ్గా ఆడటంలేదట.
మైటోకాండ్రియా. అరచేతిలో రాసుకున్నాను,
చెమటకి సగం పోయింది.

కాట్రేనికోన అవతల రాత్రిళ్ళు
రొయ్యల చెరువు కాసే మనిషి మా ఏసుపాదం.
కరెంటు పోయి ఏరియేటర్లాగితే
తెల్లారేసరికి నీళ్ళమీద ఏం తేలుతుందో తెలిసినవాడు.
"దీనికి డీజిలింజను లేదా అండి?" అన్నాడు.
ఆవిడ నవ్వలేదు.
"ఇంకా లేదు" అంది.

కుట్టొద్దంది. కుట్టేస్తే నిద్రలో రెప్ప మూతపడక
నల్లగుడ్డు ఎండిపోతుందట.
తల్లి వైపు నుంచి రావచ్చు అని కూడా అంది.
ఆ ఒక్క మాట తుని దాటినా, అన్నవరం దాటినా
బస్సులో నా పక్కనే కూర్చుంది.
నా ముక్కు, నా ఉంగరాల జుట్టు.
అచ్చు తల్లేనంటే మురిసిపోయినదాన్ని నేను.

కళ్ళజోడు లోపల రెప్పని ఎత్తిపట్టే సన్నతీగ పెట్టించమంటే
రాజమండ్రిలో మస్తాన్ గారని ఒక ముసలాయన ఒప్పుకున్నాడు.
ఎప్పుడూ చెయ్యలేదన్నాడు. మూడుసార్లు వంచాడు.
గుచ్చుకున్నప్పుడు
పిల్లకంటే ముందు ఆయనే "అబ్బా" అన్నాడు.
సగం డబ్బులే తీసుకున్నాడు.

రావులపాలెం వంతెన మీద
కెజియా మొదటిసారి గడ్డం దించి గోదారిని చూసింది.
"అమ్మా, నీళ్ళు తిన్నగా ఉన్నాయే!"
కండక్టరు కూడా వంగి చూశాడు.

ఆర్నెల్లకోసారి వెళ్తాం. రెండో శుక్రవారం.
గుండె కాగితాలు ఒక సంచి, కంటి కాగితాలు ఒక సంచి.
సాయంత్రానికి దాని మెడ వాలిపోతుంది,
మెట్లు నాలుగెక్కితే కూర్చుంటుంది.
రాత్రి జోడు తీసి, కళ్ళలో జిగురు మందు వేసి పడుకోబెడతాను.

గట్టు అవతల ఏరియేటర్లు నీళ్ళు కొడుతుంటాయి.
ఒక్కోసారి ఆ చప్పుడు ఆగిపోతుంది.
అక్కడ ఆయన ఇంజను వైపు పరిగెడుతుంటాడు.
ఇక్కడ నేను లేచి పిల్ల గుండెమీద చెయ్యేస్తాను.
ఇంజను అందుకునేదాకా
తియ్యను.