మంగళవారం ఎండ

మంగళవారం పార్లరుకి సెలవు.
కగ్గదాసపురలో మా మూడంతస్తుల మిద్దె మీద
నల్ల సింటెక్సు ట్యాంకి పక్కన
చాప పరిచేది నేను,
ఎండ యాడుందో వెతికేది పూలమాయ.

ఆధార్‌లో పూల్‌మాయ.
మా కుప్పం నోట్లో పడి మధ్యలో కొంచెం సాగింది.
వాళ్ల అవ్వ పేరంట. ఇప్పుడెవరూ పెట్టుకోరంట.

డిసెంబరు. పదకొండు గంటలు.
పక్క బిల్డింగోడు ఆరో అంతస్తు లేపినాక
మాకు ఎండ గంటన్నరే వదుల్తారు,
కొళాయి నీళ్ల మాదిరి.
"రా, కాచుకుందాం" అంటాది.
మేము చలి కాచుకుంటాం.
వాళ్ల కొండల్లో ఎండ కాచుకుంటారంట.
అదొక పనంట.
ఎవురన్నా పిలిస్తే
"ఇప్పుడు కుదర్దు, ఎండలో ఉండా" అని చెప్పొచ్చంట!
నేను నమ్మలేదు.
మా నాయన ఎండలో ఉండాడంటే
టమాటా మడిలో ఉండాడనే.

"బార్డరు ఎంత దూరం మే మీకు?"
కమలాపండు వొలస్తా ఆలోచించింది.
"పొయ్యి మీద నీళ్లు పెట్టి టీ పొడికి పోతే
మరిగేలోపల వచ్చేయొచ్చు."
అవతలి దేశంలో బిస్కత్తులు రెండు రూపాయలు తక్కువ.
గేటు కాడ జవాను పేరడగడు,
చంకల్లోంచి చేతులు తీయకుండానే
"నాకూ ఒక ప్యాకెట్టు" అంటాడు.

శనివారం సాయంత్రం ఫుట్‌బాలు.
ఊరంతటికీ చదునుగా ఉండే చోటు అదొక్కటే,
అదీ ఒక పక్కకి వాలిపోయి ఉండాది.
గట్టిగా తంతే బంతి దేశం దాటిపోతాది.
ఇంక ఆట నిలిపి అందరూ కూర్చుంటారు.
మంచు పైకి లేస్తాది.
ఎవరో కాల్చిన జొన్నపొత్తులు తెస్తారు.
అవతలోళ్లకి బుద్ధి పుట్టి తిరిగి తన్నేదాకా
ఎవరికీ తొందర లేదు.
బంతి ఆడినదానికంటే
బంతి కోసం కూచున్నదే ఎక్కువంట మా పూలమాయ.

నాకూ ఉండాది బార్డరు, అన్నాను రోషంగా.
మూడు రాష్ట్రాలు ముడేసుకునే చోట పుట్టినదాన్ని.
రైలు కిటికీలోంచి కనపడదు,
ఫోను ఒకసారి తమిళంలో, ఒకసారి కన్నడలో
స్వాగతం అంటేనే తెలుస్తాది.
అంతలోకే బంగారపేట,
నిలబడిన కాలు మార్చుకోవాల.
మా బార్డరులో ఎవరూ కూర్చోరు.

వారానికి ఆరు దినాలు
పంటి కింద దారం బిగించి
ఇంతవరకే నుదురు, ఇక్కణ్ణుంచి కనుబొమ్మ అని
వచ్చినోళ్లందరికీ హద్దు గీసే పిల్ల
నవ్వి, ఒక తొన నా చేతిలో పెట్టింది.

అప్పుడే పక్క మిద్దె మీంచి
పసుపు ప్లాస్టిక్ బంతి వచ్చి
మా కమలా తొక్కల్లో పడింది.
"అక్కా, బాల్!" నాలుగు భాషల్లో అరిచినారు.

లేవబోతే
నా మోకాలి మీద చెయ్యేసి ఆపింది.
"ఉండు మే.
వాళ్లని కూడా కొంచేపు కూర్చోనీ."

పిట్టగోడకి గడ్డాలు ఆనించుకొని వాళ్లు.
చాప చివరికి జరిగిన ఎండ వెనకాలే
జరుగుతా మేము.