ఒక పక్కకు రెండు రూపాయలు

ఉరవకొండ తాసిల్దారాఫీసు ఎదురుగా
టీ బంకుకూ దస్తావేజుల రాతగానికీ నడుమ
నా జిరాక్సు మిషను.
ఆధార్లు, అడంగళ్లు, చావు సర్టిఫికెట్లు.
ఊరంతా ఎప్పుడో ఒకసారి
నా అద్దం మీద బోర్లా పడుకొని లేచిపోయిందే.

పెన్నోబులేసు వచ్చింది శ్రావణంలో,
చినుకు లేని శ్రావణం.
చంకలో ఉరుము, చేతిలో కళాకారుల పింఛను ఫారం.
"పాపా, నేను వాయిస్తానని రుజువు కావాలంట.
వాయించి సూపిస్తానంటే
శబ్దాన్ని ఫైల్లో కుట్టేకి రాదు పో అనిరి."

రుజువని ఆయన తెచ్చింది ఒకే ఒక పెండ్లి పత్రిక.
పసుపు ఇంకా పోలేదు మూలల్లో.
అడుగున చీమలంత అక్షరాల్లో
సన్నాయి: దూదేకుల కుళ్లాయప్ప, ఆమిద్యాల.
ఉరుము:
అక్కడ చెదలు తినింది.

"ఆ బొక్క నేనే" అన్నాడు
దాంట్లో వేలు పెట్టి.

నాకేమీ తోచలేదు.
ఉరుమునే అద్దం మీద పెట్టమన్నా.
మూత పడలేదు, నా పమిట కప్పినా.
వెలుగు దాని కిందుగా
ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది.
ట్రేలోకి వెచ్చగా ఒక నల్ల చందమామ జారింది.

వేలిముద్ర మనిషి. అయినా
ఆ కాగితాన్ని గడగడా చదివినాడు.
"ఈ లోతు గీత మా నాయనది. వంకీ కట్టెతో రాసి రాసి పడింది.
ఎడమచేతి వాటం ఆయప్పది, సూడు, వంపు అటు పోయింది.
సన్నది నాది.
ఈ అతుకు చౌడమ్మ జాతరలో.
కుళ్లాయప్ప తూలి కాలు పెట్న్యాడు."
నవ్వినాడు. నవ్వు చాలాసేపు ఆగలేదు.

కుళ్లాయప్పకు తెల్లారితే గుళ్లో మేలుకొలుపు,
పొద్దుగూకితే పీర్ల చావిడి.
పీకను దోవంతా నోట్లోనే నానబెట్టుకొని నడిచేవాడంట.
పలకరిస్తే పలకడు, పొగరెక్కువ అనేవాళ్లంట జనం.

ఆయప్ప ఫోటో ఉందా?
లేదు.
సన్నాయి?
"కొడుకు బళ్లారిలో మేస్త్రీ.
అనసు విప్పి, కిరసనాయిలు పోసేకి గరాటా చేసుకున్యారు."

కాగితానికి రెండో పక్క ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది కదా,
ఇదంతా అక్కడ రాసుకున్నా.

ఎంత పాపా అన్నాడు.
ఒక పక్కకు రెండు రూపాయలు.
ఉరుమును తిప్పి పెట్టినాడు:
"అయితే ఇదీ తియ్యి.
అది ఉరిమే పక్క. ఇది కురిసే పక్క."

ఆఫీసులో గుమాస్తా ఆ చందమామను చూసి
"ఇదేందమ్మా, కడుపు స్కానింగా?"
"అట్లాంటిదే సార్, లోపల కదుల్తాండాది."
ఫైలు పైకి పోయింది.
పైన అంటే యాడో
ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు.

అప్పటి నుంచి ఎవరొచ్చినా ఒక కాపీ ఎక్కువ తీస్తాండా.
పగిలిన తప్పెట, తాళం పోయిన తాళాల జోడు,
ఒకాయన గవ్వలు కట్టిన గజ్జెల పట్టీ తెచ్చినాడు
గీతలు పడతాయని నా మొగుడు గొణిగినాడు.
పడినాయి. ఇప్పుడు ఊళ్లో వాళ్ల ఆధార్లన్నింటి మీదా
సన్నగా ఒక గజ్జె గీత.

నిన్న మారెక్క వచ్చింది,
శవాల ముందర పాడే మారెక్క.
"నాకు గొంతు తప్ప ఏం లేదు,
దాన్నెట్లా పెడతావు అద్దం మీద?"

జవాబు లేదు నా దగ్గర.
మిషను ఆపి టీ తెప్పించినా.
తాగింది, గ్లాసు కింద పెట్టింది,
ఎవరూ చావకపోయినా మొదలుపెట్టింది.
పక్కన రాతగాడు పెన్నుకు క్యాపు బిగించినాడు.

మాటలన్నీ రాసుకున్నా.
ఆమె ఊపిరి పీల్చుకున్న చోట్ల
ఏం రాయాలో తెలీక
చుక్కలు పెట్టినా.